ఎడిసన్ వేసిన వైర్లు

మా స్కూల్లో ఆరో తరగతి గది గోడ మీద ఎడిసన్ బొమ్మ ఉండేది. తెల్ల జుట్టు, చేతిలో బల్బు, కింద ఓటమి మీద ఒక ఇంగ్లీషు కొటేషన్. మీ స్కూల్లోనూ ఉండే ఉంటుంది. ఇప్పుడు ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ క్లాసుల్లో కూడా అదే కొటేషన్ స్లయిడ్ మీద వస్తోంది. అందుకని ఎడిసన్ గురించి నాకు కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదనుకునేవాణ్ణి, ఈ వేసవిలో మా అమ్మమ్మ వాళ్ళింట్లో వైరింగ్ మార్చేదాకా.

అమ్మమ్మ వాళ్ళిల్లు చీరాలలో. తాతయ్య కట్టించారు, 1969లో కరెంటు పెట్టించారు. గోడల మీద టేకు బద్దలు, బద్దల మీద రేకు క్లిప్పులు, వాటి కింద రబ్బరు తొడుగు వైర్లు. చెక్క బోర్డులు, నల్లటి గుండ్రటి స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు. ఏప్రిల్లో ఒకరోజు ఫ్రిజ్ వెనక బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చింది. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పి వైరుని వేళ్ళతో కొంచెం వంచాడు. తొడుగు పాత వడియంలా పొడి పొడిగా రాలిపోయింది, లోపల తీగ బయటపడింది. ఈ ఒక్క బోర్డు కాదండీ, ఇల్లంతా మార్చాల్సిందే అన్నాడు. అమ్మమ్మ మాత్రం ఆ ఒక్కటీ మార్చి పొమ్మంది. తాతయ్య దగ్గరుండి వేయించిన వైరింగ్ యాభై ఏళ్ళు పనిచేసింది, ఇప్పుడు గోడలన్నీ గాడి కొట్టి ఏం చేస్తారు అని ఆవిడ వాదన. మామయ్యకీ అమ్మమ్మకీ మూడు రోజులు ఇదే గొడవ. ఎటూ తేలక నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అసలు ఇళ్ళల్లోకి మొట్టమొదట వైర్లు లాగినవాళ్ళెవరు, అవి పాడైతే వాళ్ళేం చేశారు అని వెతకడం మొదలుపెట్టాను. తిరిగి తిరిగి మళ్ళీ ఆరో తరగతి గోడ మీది మనిషి దగ్గరికే వచ్చాను. ఈసారి చేతిలో బల్బుతో కాదు, రోడ్డు మీద కందకంలో, ఒళ్ళంతా మట్టితో.

కాబట్టి ఇది ఎడిసన్ కథే, కానీ వైర్ల వైపు నుంచి. కొటేషన్లు ఉండవు.

థామస్ ఆల్వా ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని మిలన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఆయన జీవితంలో నిప్పు చాలాసార్లు కనిపిస్తుంది. ఆరేళ్ళప్పుడు ఏమవుతుందో చూద్దామని వాళ్ళ నాన్న పశువుల కొట్టంలో నిప్పు పెడితే కొట్టం మొత్తం కాలిపోయింది. నాన్న అతన్ని ఊరందరి ముందు కొట్టాడట. తర్వాత కుటుంబం మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్‌కి మారింది. బడికి వెళ్ళింది కొన్ని నెలలే, చదువంతా అమ్మ నాన్సీ దగ్గరే. పన్నెండేళ్ళకి రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మే పనిలో చేరాడు. సామాన్ల పెట్టెలో ఒక మూల కెమిస్ట్రీ ల్యాబ్ పెట్టుకున్నాడు. ఒకరోజు భాస్వరం కిందపడి అక్కడా నిప్పంటుకుంది. ల్యాబూ పోయింది, రైల్లో చోటూ పోయింది. చెవుడు కూడా ఆ వయసులోనే మొదలైంది. అది ఎలా వచ్చిందో ఆయనే వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు కథలు చెప్పాడు.

1862లో మౌంట్ క్లెమెన్స్ స్టేషన్లో పట్టాల మీద ఆడుకుంటున్న స్టేషన్ మాస్టర్ కొడుకుని వ్యాగన్ కింద పడకుండా లాగాడు. ఆ తండ్రి కృతజ్ఞతగా అతనికి టెలిగ్రాఫ్ నేర్పించాడు. అక్కడి నుంచి ఎడిసన్ జీవితం వైర్లతోనే. ఐదారేళ్ళు ఊరూరా తిరిగి టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా బతికాడు. 1869లో మొదటి పేటెంట్ తీసుకున్నాడు, చట్టసభలో ఓట్లు లెక్కపెట్టే యంత్రం. సభ్యులెవరికీ అది అక్కర్లేదు, ఓట్లు అంత తొందరగా లెక్క తేలిపోవడం వాళ్ళకే ఇష్టం లేదు. అదే ఏడాది న్యూయార్క్ వచ్చి బంగారం ధరలు చూపించే టెలిగ్రాఫ్ యంత్రాలు బాగుచేసి పేరు, డబ్బు సంపాదించాడు. 1871లో మేరీ స్టిల్వెల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు. మొదటి ఇద్దరికీ డాట్, డాష్ అని ముద్దుపేర్లు, మోర్స్ కోడ్ అన్నమాట. 1876లో న్యూజెర్సీలోని మెన్లో పార్క్‌లో ల్యాబ్ కట్టాడు, 1877లో ఫోనోగ్రాఫ్ చేశాడు. ఇవన్నీ మీకు తెలిసినవే, త్వరగా దాటేస్తున్నాను.

బల్బు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే అది కూడా నిజానికి వైరు కథే. బల్బు కనిపెట్టింది ఎడిసన్ ఒక్కడే కాదు, ఇంగ్లండ్‌లో జోసెఫ్ స్వాన్ అంతకుముందు నుంచే దాని మీద పనిచేస్తున్నాడు. మరి ఎడిసన్ ప్రత్యేకత ఏమిటి? ఆయన బల్బుకన్నా ముందు రాగి ఖరీదు లెక్క వేసుకున్నాడు. ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్ గుర్తుచేసుకోండి. ఒక బల్బుకి 100 వాట్లు కావాలి అనుకుందాం. ఫిలమెంట్ రెసిస్టెన్స్ 1 ఓమ్ ఉంటే 10 ఆంపియర్లు లాగుతుంది. అదే 100 ఓమ్‌లు ఉంటే 1 ఆంపియర్ చాలు. వైరులో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి, అదే వైరులో నష్టం నూరో వంతుకి పడిపోతుంది. తక్కువ రెసిస్టెన్స్ బల్బులతో ఒక పేట మొత్తానికి కరెంటు ఇవ్వాలంటే స్తంభాల్లాంటి రాగి కడ్డీలు వేయాలి, ఏ కంపెనీ అయినా దివాలా తీస్తుంది. అందుకే సన్నగా, ఎక్కువ రెసిస్టెన్స్ ఉండే ఫిలమెంట్ కోసం అంత పట్టుపట్టాడు. 1879 అక్టోబర్‌లో మాడ్చిన నూలు దారంతో బల్బు పదమూడు గంటలకి పైగా వెలిగింది. తర్వాత జపాన్ వెదురుతో వందల గంటలకి పెరిగింది. ఇంజనీరింగ్ స్టూడెంట్‌గా నాకు నచ్చింది ఈ భాగమే. వెయ్యిసార్లు ప్రయత్నించడం కన్నా ఎందుకు ప్రయత్నిస్తున్నాడో తెలిసి ప్రయత్నించడం గొప్పగా అనిపించింది. పోస్టర్లో ఆ ముక్క ఎందుకు రాయరో.

బల్బు వెలిగింది సరే, దానికి స్విచ్చు లేదు, హోల్డర్ లేదు, మీటరు లేదు, ఫ్యూజు లేదు. బజార్లో కొందామంటే దొరికేవి కావు. అన్నీ తయారుచేసుకోవాలి. 1880లో ఎక్కువ కరెంటు వస్తే కరిగిపోయే సేఫ్టీ వైరుకి పేటెంట్ తీసుకున్నాడు, మన ఫ్యూజే. బల్బుని మర తిప్పి బిగించే హోల్డర్ కిరోసిన్ డబ్బా మూత చూసి వచ్చిన ఆలోచన అంటారు. ఇప్పటికీ షాపులో ఈ27 అని అడిగితే ఇచ్చేది అదే, ఈ అంటే ఎడిసన్, 27 అంటే మిల్లీమీటర్లు. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే రెండు పిన్నుల బి22 హోల్డర్ బ్రిటిష్ వాళ్ళ నుంచి వచ్చింది. మీటరు ఇంకా విచిత్రం. సీసాలో ద్రావణం, అందులో జింకు రేకులు. కరెంటు వాడేకొద్దీ ఒక రేకు నుంచి జింకు కరిగి ఇంకో దానికి చేరుతుంది. నెలకోసారి మనిషి వచ్చి రేకులు తీసుకెళ్ళి తూకం వేసి బిల్లు రాస్తాడు.

వైరు తొడుగు సంగతి వీటన్నిటికన్నా కష్టమైంది. న్యూయార్క్ ఆకాశం అప్పటికే టెలిగ్రాఫ్, టెలిఫోన్, ఆర్క్ దీపాల తీగలతో నల్లగా కమ్ముకుపోయి ఉండేది. ఎడిసన్ తన లైన్లు భూమిలోంచే వెళ్ళాలన్నాడు, నీళ్ళ పైపుల్లా, గ్యాసు పైపుల్లా. మెన్లో పార్క్ పొలాల్లో తవ్వి వైర్లు పూడ్చి కరెంటు ఇస్తే, మొత్తం మట్టిలోకి లీకయిపోయింది. మళ్ళీ తవ్వారు. ల్యాబ్‌లో విల్సన్ హోవెల్ అనే కుర్రాణ్ణి లైబ్రరీలో కూర్చోబెట్టి ఇన్సులేషన్ గురించి దొరికినదంతా చదవమన్నారు. తర్వాత రకరకాల జిగురు పదార్థాలు పెద్ద పెద్ద పాత్రల్లో ఉడకబెట్టారు, ఆ కంపుకి ల్యాబ్ జనం పారిపోయేవాళ్ళట. చివరికి ట్రినిడాడ్ తారుని అవిసె నూనెలో ఉడికించి, కొంచెం పారఫిన్, కొంచెం తేనెమైనం కలిపిన ముద్ద పనికొచ్చింది. దాన్ని గుడ్డ పేలికలకి పట్టించి వైర్ల చుట్టూ చుట్టారు. తర్వాత న్యూయార్క్ కోసం ఇనుప గొట్టాల్లో రాగి కడ్డీలు పెట్టి మధ్యలో ఇలాంటి ముద్దే పోసి, ఇరవై అడుగుల ముక్కలుగా తయారుచేశారు. ఆ పని చూసింది జాన్ క్రూజీ, ఫోనోగ్రాఫ్‌ని చేత్తో చేసిన మెకానిక్ ఆయనే.

పగలు ట్రాఫిక్‌కి అడ్డం కాబట్టి తవ్వకాలు రాత్రుళ్ళు జరిగేవి. ఎడిసన్ కూడా కందకాల్లో దిగి, జాయింట్లు చూసుకుంటూ, గొట్టాల గుట్ట మీదే నిద్రపోయిన రాత్రులున్నాయి. పద్నాలుగు మైళ్ళ పైచిలుకు వేశారు. 1882 సెప్టెంబర్ 4, మధ్యాహ్నం 3 గంటలకి పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి కరెంటు వదిలారు. ఎడిసన్ ఆ సమయానికి స్టేషన్లో లేడు, వాల్ స్ట్రీట్‌లో బ్యాంకర్ జె.పి. మోర్గన్ ఆఫీసులో ఉన్నాడు, పెట్టుబడి పెట్టింది ఆయన కాబట్టి. నాలుగు వందల దాకా దీపాలు వెలిగాయి. కొన్నాళ్ళకి ఆన్ స్ట్రీట్, నాసా స్ట్రీట్ కలిసే మూల దగ్గర గుర్రాలు ఉన్నట్టుండి ఎగరడం మొదలుపెట్టాయి. భూమిలో జాయింట్ లీకయి రోడ్డుకి కరెంటు వచ్చింది, గుర్రాల కాళ్ళకి ఇనుప నాడాలు కదా. పాపం చెప్పులేసుకున్న మనుషులకి ఏమీ తెలియట్లేదు, బండి గుర్రాలు మాత్రం డాన్సులేస్తున్నాయి. ఎడిసన్ ముసలితనంలో కూడా ఈ కథ నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఇక ఇళ్ళ సంగతి. నేను వెతికింది దీనికోసమే కదా.

పెర్ల్ స్ట్రీట్ కరెంటు చిన్న ప్రాంతానికే. ఊరికి పైన ఉండే డబ్బున్నవాళ్ళు ఇంట్లోనే సొంత ఇంజను, డైనమో పెట్టించుకునేవాళ్ళు. వైర్లు లాగడం తెలిసిన పనివాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. కాలింగ్ బెల్లులు, దొంగల అలారంలు బిగించేవాళ్ళే ఈ పనికి వచ్చారు. బెల్లుకి ఎలా వేస్తారో దీపానికీ అలాగే వేశారు. ఎడిసన్ కంపెనీ ఫిఫ్త్ అవెన్యూ 65వ నంబరు ఆఫీసులో రాత్రి బడి నడపాల్సి వచ్చింది, పనివాళ్ళకి నేర్పడానికి. వైరు తొడుగు అంటే నూలు, దాని మీద తెల్ల రంగు పూత, అంతే. మంట తొందరగా అంటుకోదని అగ్ని బీమావాళ్ళు దాన్ని ఒప్పుకున్నారు. బీమావాళ్ళని ఇంగ్లీషులో అండర్‌రైటర్స్ అంటారు, ఆ వైరుకి అండర్‌రైటర్స్ వైర్ అని పేరు. తడి తగిలితే అది దేన్నీ ఆపేది కాదు. అందుకని పనివాళ్ళు జోకుగా అండర్‌టేకర్స్ వైర్ అనేవాళ్ళు, అంటే శవాల్ని సాగనంపేవాళ్ళ వైరు అని.

కోటీశ్వరుడు విలియం వాండర్‌బిల్ట్ తన కొత్త ఇంట్లో ఎడిసన్ దీపాలు పెట్టించాడు. బొమ్మల గదిలో గోడకి అతికించిన గుడ్డలో సన్నటి లోహపు జరీ ఉంది. వైరు దానికి తగిలి షార్టయి గోడ ఎర్రగా రగిలింది. వెంటనే ఆపేశారు, పెద్ద నష్టం లేదు. కానీ ఇంటావిడ కంగారుపడి ఈ నిప్పు ఎక్కణ్ణించి వచ్చిందని అడిగితే, కింద సెల్లార్లో బాయిలరూ ఇంజనూ ఉన్నాయని అప్పుడు తెలిసింది. బాయిలరు మీద కాపురం చెయ్యనంది. మొత్తం సామాను పీకేశారు.

మోర్గన్ ఇల్లు ఇంకో రకం. మాడిసన్ అవెన్యూ 219. 1882లో ఇల్లంతా కరెంటు దీపాలే పెట్టించాడు. ఇంటి వెనక గుర్రాల శాల కింద గొయ్యి తవ్వి బాయిలరు, ఇంజను, డైనమోలు. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఇంజనీరు వచ్చి ఆవిరి లేపేవాడు, రాత్రి పదకొండుకి ఇంటికెళ్ళిపోయేవాడు. పదకొండు దాటిందని మర్చిపోతే ఇల్లంతా ఒక్కసారిగా చీకటి. ఇంజను చప్పుడికి తన ఇల్లు అదురుతోందని పక్కింటావిడ ఫిర్యాదు. రబ్బరు ముక్కలు వేశారు, గోడలకి ఇసుక మూటలు పేర్చారు. తర్వాత పొగకి తన వెండి సామాను నల్లబడుతోందని ఇంకో ఫిర్యాదు. చలికాలం ఆవిరి గొట్టం వెళ్ళే చోట నేల వెచ్చగా ఉంటే వీధిలో పిల్లులన్నీ అక్కడ చేరేవి, దానికీ ఫిర్యాదే.

మోర్గన్ ఇంటి పని చూసేది ఎడ్వర్డ్ జాన్సన్, ఎడిసన్ కుడిభుజం. ఏడాది తిరిగేసరికి ఆ సామాను పాతబడిపోయింది. విద్యుత్తులో అప్పుడు ఏడాది అంటే ఇప్పుడు ఫోన్లలో ఐదేళ్ళ లాంటిది. చూసి రమ్మంటే జాన్సన్ చూసొచ్చి, ఇది నాదైతే మొత్తం తీసి వీధిలో పారేస్తానని మోర్గన్‌కే చెప్పాడు. సరిగ్గా మా ఆవిడ కూడా అదే అంటోందన్నాడు మోర్గన్. మా మామయ్యకి ఇది చదివి వినిపిస్తే ఆయన పడీ పడీ నవ్వాడు. అమ్మమ్మ నవ్వలేదు.

ఆ ఇంట్లోనే లైబ్రరీలో మోర్గన్ రాత బల్ల మీదికి ఒక దీపం కావాలన్నారు. జాన్సన్ తివాచీ కిందనుంచి వైరు లాగించాడు. ఒక రాత్రి అక్కడ నిప్పంటుకుంది. బల్ల, తివాచీ, చుట్టుపక్కల చెక్క పని కాలిపోయాయి. మర్నాడు కబురొస్తే జాన్సన్ వెళ్ళాడు. ఇల్లంతా తడిసిన బొగ్గు వాసన, గది మధ్య కాలిన బల్ల కుప్ప. మోర్గన్ చేతిలో పేపరుతో వచ్చి, ఏం చేద్దామనుకుంటున్నావని అడిగాడు. తప్పు కరెంటుది కాదు, నాది, నేను వేసిన వైరుది, బాగుచేసి ఇస్తానని జాన్సన్ ఒప్పుకున్నాడు. మోర్గన్ అలాగే చెయ్యమన్నాడు. అంతే. తర్వాత అదే ఇంటికి వందల మందిని పిలిచి విందు ఇచ్చాడు, దీపాలు చూసి చాలామంది తమ ఇళ్ళకీ కావాలని ఆర్డర్లు ఇచ్చారు. ఆ రోజు మోర్గన్ కూడా వాండర్‌బిల్ట్‌లా అన్నీ పీకేయమని ఉంటే ఎడిసన్ కంపెనీ గతి ఏమయ్యేదో.

ఈ కథ నేను చదువుతున్న రోజే మా ఎలక్ట్రీషియన్ అటక ఎక్కాడు, నేను టార్చి పట్టుకున్నాను. వంటింటి ఫ్యాను వైరు, హాలు వైరు కలిసే చోట జాయింటుకి చుట్టిన నల్ల టేపు ఎండి ఊడిపోయింది. తీగ నేరుగా టేకు దూలానికి ఆనుకుని ఉంది. దూలం మీద జానెడు మేర బొగ్గు. ఎప్పుడు కాలిందో ఎవరికీ తెలియదు, ఎలా ఆరిపోయిందో కూడా తెలియదు. దాని కింది గదిలోనే అమ్మమ్మ పడుకుంటుంది. ఫోటో తీసి చూపిస్తే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఎన్ని రోజులు పడుతుందని మాత్రం అడిగింది. తొమ్మిది రోజులు పట్టింది. దీపాలకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం వైర్లు, ఎర్త్, ఎంసీబీలు, మనిషికి షాక్ తగిలితే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ.

మళ్ళీ ఎడిసన్ దగ్గరికి. 1883లో ఆయన మూడు వైర్ల పద్ధతి తెచ్చాడు. రెండు డైనమోలని వరసగా కలిపి మధ్యలో ఒక న్యూట్రల్ తీస్తాడు. రాగి అరవై శాతం పైగా ఆదా. పెన్సిల్వేనియాలోని సన్‌బరీ ఊళ్ళో అదే ఏడాది జూలై 4న అది నడిచింది. అమెరికాలో ఇళ్ళకి ఇప్పటికీ రెండు లైవ్ వైర్లు, మధ్యలో ఒక న్యూట్రల్ వస్తాయి, మూలం ఇదే. మీ అన్నయ్యో అక్కయ్యో ఎంఎస్ చేస్తూ అక్కడుంటే, వాళ్ళ అపార్ట్‌మెంట్ ప్యానెల్లో ఎడిసన్ ఉన్నట్టే.

1884 ఆగస్టులో మేరీ చనిపోయింది. ఆమెకి ముప్పై కూడా లేవు. ఆమె బతికి ఉండగా ఆయన ఎక్కువగా ల్యాబ్‌లోనే గడిపాడు. దీన్ని ఆయన అంకితభావం కింద రాసే వ్యాసాలు చాలా చదివాను, నాకు మాత్రం ఆ ముక్క దగ్గర ఇబ్బందిగానే అనిపించింది. 1886లో మీనా మిల్లర్‌ని పెళ్ళి చేసుకున్నాడు, ఆమెకి మోర్స్ కోడ్ నేర్పి ఆ కోడ్‌లోనే అడిగాడట. వెస్ట్ ఆరెంజ్‌లో వాళ్ళు కొన్న గ్లెన్‌మాంట్ అనే ఇల్లు గ్యాసు దీపాల కాలంలో కట్టింది. ఎడిసన్ కూడా మనలాగే పాత ఇంట్లోకి వైర్లు లాగించుకున్నవాడే.

తర్వాతి భాగం పోస్టర్లలో రానిది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1886లో ఏసీ పద్ధతి మొదలుపెట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజి పెంచి సన్న తీగల్లో దూరాలకి పంపి, ఇంటి దగ్గర మళ్ళీ తగ్గించవచ్చు. ఎడిసన్ డీసీ స్టేషన్ నుంచి ఒక మైలు దాటితే దీపాలు మందగించేవి. రాగి ఖరీదు లెక్క వేసి మొదలైన మనిషి, అదే లెక్క ఇప్పుడు ఎదుటివాడి వైపు ఉందని ఒప్పుకోలేకపోయాడు. ఏసీ చంపుతుందని ప్రచారం చేశాడు. హెరాల్డ్ బ్రౌన్ అనే వ్యక్తికి తన ల్యాబ్ ఇచ్చాడు, 1888 డిసెంబర్లో అక్కడ దూడల్ని, ఒక గుర్రాన్ని ఏసీతో చంపి పత్రికలవాళ్ళకి చూపించారు. మరణశిక్షకి తాను వ్యతిరేకినని చెప్పుకుంటూనే, వేయక తప్పదంటే వెస్టింగ్‌హౌస్ యంత్రాలు వాడమని సలహా ఇచ్చాడు. 1890లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదటి ఎలక్ట్రిక్ చైర్ మరణశిక్ష అలాగే జరిగింది. ఏనుగు టాప్సీ వీడియో ఎడిసన్ పనే అని యూట్యూబ్‌లో చూసి ఉంటారు. అది 1903 సంగతి, అప్పటికి ఆ పోరు ముగిసి పదేళ్ళయింది. దూడల నేరం చాలదా, ఏనుగుది కూడా ఎందుకు వేయడం.

కానీ భయమంతా అబద్ధం కూడా కాదు. 1889 అక్టోబర్ 11న మన్‌హాటన్ నడిబొడ్డున జాన్ ఫీక్స్ అనే లైన్‌మన్ స్తంభం మీద చిక్కుముడుల్లాంటి తీగల మధ్య చనిపోయాడు. పనికిరాని తీగ అనుకున్నదానిలో ఏసీ లైను తగిలి కరెంటు పారుతోంది. మధ్యాహ్నం వేళ వేలమంది కింద నిలబడి చూస్తుండగా శరీరం చాలాసేపు అలాగే వేలాడింది. ఆ తర్వాత మేయరు మనుషుల్ని పంపి స్తంభాలు నరికించాడు. తీగలు భూమిలోకి వెళ్ళాలన్న ఎడిసన్ మాట ఈ ఒక్క విషయంలో నిజమైంది. మూడు నెలలు తిరక్కుండా, 1890 జనవరి 2న, ఆయన పెర్ల్ స్ట్రీట్ స్టేషనే కాలిపోయింది. ఒక్క డైనమో మిగిలింది.

1892లో మోర్గన్ ఎడిసన్ కంపెనీని పోటీ కంపెనీ థామ్సన్-హ్యూస్టన్‌తో కలిపేసి జనరల్ ఎలక్ట్రిక్ చేశాడు. పేరులోంచి ఎడిసన్ అన్న మాట తీసేశారు. కాలిన రాత బల్ల ముందు ఓపిక పట్టినవాడే ఇదీ చేశాడు, రెండూ లెక్క చూసుకునే చేశాడు. కొత్త కంపెనీ ఏసీ కూడా చేసింది. 1897లో అమెరికాలో మొదటి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ వచ్చింది, వైరు ఎంత లావు ఉండాలి, జాయింటు ఎలా వేయాలి అన్నది ఇక ఏ కంపెనీ ఇష్టం కాదు.

ఎడిసన్ ఆ వైపు మళ్ళీ చూడలేదు. ఇనుప ఖనిజం వేరుచేసే గనిలో ఇరవై లక్షల డాలర్ల పైన పోగొట్టుకున్నాడు. సినిమా కెమెరా, సిమెంటు, నికెల్-ఐరన్ బ్యాటరీ, ఇలా ఒకదాని వెనక ఒకటి. 1914 డిసెంబర్ 9న వెస్ట్ ఆరెంజ్ ఫ్యాక్టరీ భవనాలు చాలా కాలిపోయాయి, అప్పటికి ఆయనకి 67. మర్నాడే శిథిలాలు ఎత్తించడం మొదలుపెట్టాడు. అమెరికాలో మొత్తం 1093 పేటెంట్లు. 1931 అక్టోబర్ 18న గ్లెన్‌మాంట్‌లో, తాను వైర్లు లాగించిన ఆ పాత ఇంట్లోనే చనిపోయాడు.

నివాళిగా దేశం మొత్తం కరెంటు ఒక్క నిమిషం ఆపుదామన్న ఆలోచన వచ్చింది. ఆపితే ఆస్పత్రులు, నీళ్ళ పంపులు, లిఫ్టులు ఏమవుతాయన్న భయంతో ఆ పని చేయలేకపోయారు. మూడు రోజుల తర్వాత రాత్రి పది గంటలకి ఇష్టమున్నవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు స్విచ్చు ఆపుకున్నారు.

ఆయన డీసీ మాత్రం ఆయనతో పోలేదు. మన్‌హాటన్‌లో పాత లిఫ్టు మోటార్లు డీసీవే, వాటికోసం ఆ లైన్లు నడుపుతూనే వచ్చారు. ఒక్కో బిల్డింగ్ మార్చుకుంటూ పోతే చివరి కనెక్షన్ 2007 నవంబర్ 14న తీశారు. మనలో చాలామంది అప్పటికి పుట్టేశాం. అది ఈస్ట్ 40వ వీధిలో 10వ నంబరు. కేబుల్ కోసేశారు కానీ పాత బిల్డింగుల్లో డీసీ లిఫ్టులు ఇంకా ఉన్నాయి. వాటి సెల్లార్లలో రెక్టిఫయర్ పెట్టారు. వీధిలోంచి వచ్చిన ఏసీ అక్కడ డీసీగా మారి, పాత వైర్లలోంచే పైకి వెళ్తుంది.